ఉపగ్రహానికి కక్ష్యలోనే ఇంధనం నింపే మిషన్‌ను కాగితం మీద ప్లాన్ చేయడం ఎలా?

అనంతపురంలో మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు ఇంజినీరింగ్ పిల్లలు కూర్చుంటారు. కొందరు ఇక్కడి జేఎన్‌టీయూ వాళ్లు. కర్నూలు నుంచి, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ నుంచి ఫోన్లో అడిగేవాళ్లూ ఉన్నారు. 2025 జనవరి 16న ఇస్రో స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు ఒకదానికొకటి అతుక్కున్నప్పటి నుంచి అందరిదీ ఒకే ప్రశ్న: "సార్, ఫైనలియర్ ప్రాజెక్టుగా ఉపగ్రహానికి ఇంధనం నింపే మిషన్ తీసుకుంటాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నా.

ఎండాకాలంలో మన వీధికి నీళ్ల ట్యాంకర్ కావాలని ఫోన్ చేస్తే అవతలి మనిషి ముందు ఏం అడుగుతాడో గుర్తు తెచ్చుకోండి. సంపు మూత ఎక్కడుంది? పైపు అందుతుందా? సందులోకి బండి వస్తుందా? ఇంట్లో ఎవరైనా ఉంటారా? నీళ్లు ఎన్ని లీటర్లన్నది ఆ తర్వాతి మాట. మీ మిషన్ ప్లానూ ఈ వరుసలోనే నడవాలి. నా దగ్గరికి వచ్చే ప్రాజెక్టుల్లో చాలావరకు లీటర్ల దగ్గర మొదలై, సందు దగ్గర ఆగిపోతున్నాయి.

కావలసినవి

- పైథాన్ ఉన్న మామూలు లాప్‌టాప్. కక్ష్య లెక్కలకు నాసా ఉచితంగా ఇచ్చే జీమ్యాట్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంకా మంచిది. లేకపోయినా మొదటి నాలుగు మెట్లు సైంటిఫిక్ కాల్కులేటర్‌తో అయిపోతాయి.
- సెలెస్‌ట్రాక్ సైట్ నుంచి మీరు ఎంచుకున్న ఉపగ్రహం టీఎల్‌ఈ, అంటే రెండు వరుసల కక్ష్య వివరాలు.
- నాలుగు అంకెలు: భూమి గురుత్వ స్థిరాంకం 3,98,600.4 (కిలోమీటర్లు, సెకన్లలో), భూమధ్యరేఖ దగ్గర భూ వ్యాసార్థం 6,378.137 కి.మీ., g విలువ 9.80665, భూమి నడుము ఉబ్బును చెప్పే జే2 విలువ 0.00108263.
- ఒక నోటుబుక్కు. ప్రతి అంకె పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ తేదీదో రాయండి. వైవాలో మిమ్మల్ని కాపాడేది ఇదే.

1. ముందు క్లయింట్‌ను ఎంచుకోండి

ఇంధనం అందుకునే ఉపగ్రహాన్ని క్లయింట్ అందాం, తీసుకెళ్లేదాన్ని ట్యాంకర్ అందాం. క్లయింట్‌కు సంపు మూత ఉందా లేదా అన్నదాన్ని బట్టి మీ మిషన్ మొత్తం మారిపోతుంది.

కక్ష్యలో నింపించుకోవడానికే తయారైన ఉపగ్రహాలు ఒక రకం. 2007లో అమెరికా ఆర్బిటల్ ఎక్స్‌ప్రెస్ ప్రయోగంలో రెండు వాహనాలకూ సరిపోయే కప్లింగులు, అంటే పైపులు కలిపే మూతులు, ముందే బిగించి పంపారు. హైడ్రజీన్ అనే ఇంధనం ఒకదాన్నుంచి ఇంకొకదానికి మనిషి చెయ్యి పడకుండానే పోయింది. అంతకు చాలా ముందే, 1978లో, సోవియట్ ప్రోగ్రెస్-1 సరుకు వాహనం సల్యూట్-6 స్టేషన్‌కు ఇంధనం నింపింది. ఇప్పుడు ఆర్బిట్ ఫ్యాబ్ సంస్థ ర్యాఫ్టీ అనే పోర్టును అమ్ముతోంది. అలాంటి మూత ఉన్న క్లయింట్‌ను ఊహించుకుంటే మీ పని సగం తగ్గుతుంది.

రెండో రకం, ఆ ఆలోచనే లేకుండా పంపినవి. వాటి ట్యాంకులను ప్రయోగ కేంద్రంలో ఫిల్ వాల్వుల గుండా ఒక్కసారి నింపి, వాల్వుకు మూత బిగించి, తీగతో కట్టి, పైన బంగారు రంగు ఇన్సులేషన్ దుప్పటి చుట్టేస్తారు. కక్ష్యలో దాన్ని తెరవాలంటే దుప్పటి కోయాలి, తీగ తెంపాలి, మూత విప్పాలి. నాసా ఈ పనులన్నిటినీ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట రోబో చేతితో సాధన చేసి, 2013 జనవరిలో ఇంధనానికి బదులు ఇథనాల్ పంపి చూపించింది. అయినా ల్యాండ్‌శాట్-7 ఉపగ్రహానికి ఇంధనం నింపాలనుకున్న ఓశామ్-1 మిషన్‌ను 2024లో రద్దు చేసింది. ఖర్చు, ఆలస్యం, సాంకేతిక చిక్కులతో పాటు, మూత లేని ఉపగ్రహాలకు నింపే ఆలోచన నుంచే రంగం పక్కకు జరుగుతోందని కూడా కారణం చెప్పింది. డిగ్రీ ప్రాజెక్టుకు ఈ రకాన్ని తీసుకోవద్దన్నది నా గట్టి సలహా.

మూడో దారి: అసలు నింపకపోవడం. ఎంఈవీ-1 అనే వాహనం 2020 ఫిబ్రవరి 25న ఇంటెల్‌శాట్-901 ఉపగ్రహం వెనుక ఉన్న ఇంజిన్ నాజిల్‌ను పట్టుకుని, తన ఇంజిన్లతోనే దాన్ని నడిపింది. చుక్క ఇంధనం కూడా ఇవ్వలేదు. మీ క్లయింట్‌కు మూత లేకపోతే దీన్ని ప్రత్యామ్నాయంగా రాయండి. మార్కులు తగ్గవు, పెరుగుతాయి.

ఏ ఇంధనమో కూడా ఇక్కడే తేల్చుకోండి. హైడ్రజీన్ ఒక్కటే వాడేదా, ఇంధనాన్ని మండించే ఆక్సిడైజర్ కూడా కావాల్సిందా, జినాన్ వాయువు వాడే విద్యుత్ ఇంజినా? హైడ్రజీన్‌కైతే ఒక పైపు చాలు. ఆక్సిడైజర్ కూడా ఉంటే రెండు పైపులు, రెండు కప్లింగులు, రెండింతల ప్రమాదం.

2. క్లయింట్‌కు ఎంత కావాలో లెక్క కట్టండి

"ట్యాంకు నిండా" అన్నది సమాధానం కాదు. ఎన్నేళ్ల పని కావాలన్నదే ప్రశ్న. భూస్థిర కక్ష్యలో (భూమితో సమానంగా తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించే కక్ష్య) ఉపగ్రహం ఉత్తర-దక్షిణాలకు ఒరిగిపోకుండా నిలబడాలంటే ఏడాదికి సెకనుకు సుమారు 50 మీటర్ల డెల్టా-వీ, అంటే వేగంలో తేవాల్సిన మార్పు, ఖర్చవుతుంది.

లెక్క ఇలా చేయండి. డెల్టా-వీని ఐఎస్‌పీ × 9.80665తో భాగించండి. ఐఎస్‌పీ అంటే ఇంజిన్ మైలేజీ అనుకోండి. వచ్చినదానికి ఎక్స్‌పొనెన్షియల్ తీసి, అందులోంచి 1 తీసేసి, ఖాళీ బరువుతో గుణించండి. ఖాళీ బరువు 2,000 కిలోలు, ఐఎస్‌పీ 310 సెకన్లు, ఐదేళ్లకు 250 మీటర్లు అయితే 171 కిలోలు వస్తుంది. మీకూ అదే వస్తే ముందుకు పోండి. అదే క్లయింట్ 220 సెకన్ల హైడ్రజీన్ ఇంజిన్ వాడుతుంటే అంకె 245 దాకా పెరుగుతుంది.

3. దారి లెక్క (ఇక్కడ తొందర పడొద్దు)

అనంతపురం నుంచి 44వ నంబరు హైవే మీద కర్నూలు వైపు పోతున్న బండిని కడప రోడ్డు మీదికి మళ్లించాలంటే స్టీరింగ్ తిప్పితే చాలు. కక్ష్యలో ఆ సుఖం లేదు. సెకనుకు 7.6 కి.మీ. వేగంతో ఒక తలంలో తిరుగుతున్న వాహనం పక్క తలంలోకి పోవాలంటే ఆ వేగాన్నే వేరే దిశకు మళ్లించాలి. ఆ ఖర్చు భయంకరంగా ఉంటుంది.

ఒక ఉదాహరణ మొత్తం చేసి చూద్దాం. ట్యాంకర్, క్లయింట్ రెండూ 470 కి.మీ. ఎత్తులో, 55 డిగ్రీల వాలులో (కక్ష్య భూమధ్యరేఖతో చేసే కోణం) ఉన్నాయి. స్పేడెక్స్‌ది దాదాపు ఈ కక్ష్యే. ఎత్తూ వాలూ ఒకటే కాబట్టి పక్కపక్కనే ఉన్నాయనిపిస్తుంది. కానీ కక్ష్య భూమధ్యరేఖను దాటే చోటు, అంటే నోడు, రెండింటికీ 10 డిగ్రీల తేడా ఉందనుకోండి.

నేరుగా తిప్పితే: 2 × వేగం × సైన్(వాలు) × సైన్(నోడు తేడాలో సగం). అంటే 2 × 7.63 × 0.819 × 0.0872, సుమారు సెకనుకు 1,090 మీటర్లు. 1,000 కిలోల హైడ్రజీన్ ట్యాంకర్ ఈ ఒక్క మలుపుకే దాదాపు 400 కిలోలు తాగేస్తుంది. ఇక క్లయింట్‌కు ఏం మిగులుతుంది?

ఇప్పుడు భూమి చేత పని చేయించుకోండి. భూమి నడుము దగ్గర ఉబ్బుగా ఉండడంతో ప్రతి కక్ష్య నోడూ రోజూ కొంచెం జరుగుతుంది. ఎంత జరుగుతుందంటే: రోజుకు 9.964 డిగ్రీలు × (భూ వ్యాసార్థం ÷ కక్ష్య వ్యాసార్థం) ఘాతం 3.5 × కొసైన్(వాలు). 470 కి.మీ. దగ్గర ఇది రోజుకు 4.46 డిగ్రీలు. ట్యాంకర్‌ను 420 కి.మీ.కు దించితే 4.57. తేడా రోజుకు 0.116 డిగ్రీలు. అంటే 10 డిగ్రీలు వాటంతట అవే కలవడానికి 86 రోజులు పడుతుంది. 50 కి.మీ. దిగడానికి సెకనుకు 28 మీటర్లు, ఎక్కడానికి ఇంకో 28. మొత్తం 56. అదే ట్యాంకర్ 26 కిలోలు తాగుతుంది.

400 కిలోలా, 26 కిలోలూ 86 రోజులా? ఈ పనిలో ఇంధనం కంటే ఓపిక చవక. మీ ప్రాజెక్టులో వేయాల్సిన అసలు గ్రాఫ్ ఇదే: అడ్డంగా వేచి ఉండే రోజులు, నిలువుగా ఖర్చయ్యే కిలోలు. 420 బదులు 440, 400, 370 కి.మీ. పెట్టి ఆ గీత గీయండి. 400 కంటే కిందికి పోయేటప్పుడు గాలి రాపిడికి విడిగా ఇంధనం పక్కన పెట్టాలి.

ఏ వైపుకు జరగాలన్నది జాగ్రత్తగా చూడండి. వాలు 90 కంటే తక్కువైతే నోడు పడమరకు జరుగుతుంది. కిందున్న కక్ష్య ఇంకా వేగంగా జరుగుతుంది. కాబట్టి క్లయింట్ నోడు మీకు పడమరన ఉంటే దిగండి, తూర్పున ఉంటే ఎక్కండి. సూర్య అనువర్తన కక్ష్యల్లో వాలు 97, 98 డిగ్రీలు ఉంటుంది కాబట్టి ఇదంతా తలకిందులవుతుంది. ఆ ప్లస్, మైనస్ గుర్తు తప్పితే 86 రోజుల తర్వాత మీరు క్లయింట్‌కు 20 డిగ్రీల దూరంలో తేలతారు.

నోడు కలిసిన రోజున ఒకే వృత్తంలో ఎదురెదురు కొసల్లో ఉంటే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. దిగులు వద్దు. 50 కి.మీ. కింద ఉన్నవాడు ఒక్కో చుట్టుకు ఒక నిమిషం పైగా ముందుకు పోతాడు. ఆరు రోజుల్లోపు ఏ స్థానమైనా దొరుకుతుంది.

4. భూస్థిర కక్ష్యనే ఎంచుకుంటే

ఇక్కడ అందరూ దాదాపు ఒకే వృత్తం మీద ఉంటారు కాబట్టి ఒకే ట్యాంకర్ ఇద్దరు ముగ్గురిని చూసుకోవచ్చు. 78 కి.మీ. కిందికి దిగితే రోజుకు ఒక డిగ్రీ తూర్పుకు జరుగుతారు; మొదలుపెట్టడానికి, ఆపడానికి కలిపి సెకనుకు 5.7 మీటర్లు. 40 డిగ్రీల అవతల ఉన్న క్లయింట్ దగ్గరికి 40 రోజుల్లో ఇంత తక్కువలో పోవచ్చు.

అయితే ఇంధనం పొదుపు చేసుకోవడానికి ఉత్తర-దక్షిణ సర్దుబాటు మానేసిన పాత ఉపగ్రహం ఏటా ముప్పావు నుంచి ఒక డిగ్రీ దాకా వాలిపోతుంది. రెండేళ్లు అలా వదిలేస్తే 1.7 డిగ్రీల దగ్గర ఉండొచ్చు. ఇక్కడ డిగ్రీకి సెకనుకు 54 మీటర్లు, అంటే 91. ఇంధనం అయిపోవస్తున్న క్లయింటే మీకు కావాలి, అలాంటి క్లయింటే వాలి ఉంటుంది. 3,000 కిలోల ట్యాంకర్ 310 సెకన్ల ఇంజిన్‌తో ఈ ప్రయాణం మొత్తానికి 94 కిలోలు ఖర్చు పెడుతుంది. మనం ఇవ్వబోయేది 171. ఈ రెండు అంకెలను పక్కపక్కన రాయని రిపోర్టును నేను తిప్పి పంపుతాను.

5. దగ్గరికి పోవడం

టీఎల్‌ఈ మీద నమ్మకం ఇక్కడితో ఆపండి. అందులో కిలోమీటరు స్థాయి తప్పు ఉంటుంది, రోజులు గడిచే కొద్దీ పెరుగుతుంది. ఆ తర్వాత ట్యాంకర్ తన కెమెరాలు, లేజర్ దూరమాపకాలతోనే దారి చూసుకోవాలి.

ఆగే చోట్లు ముందే రాయండి. స్పేడెక్స్‌లో 5 కి.మీ., 1.5 కి.మీ., 500 మీ., 225 మీ., 15 మీ., 3 మీ. అని పెట్టుకున్నారు. ప్రతి చోటా మూడు విషయాలు ఉండాలి: ముందుకు పోవడానికి ఏమేం సరిగా ఉండాలి, ఎంతసేపు ఆగగలం, వెనక్కి ఎటు పోతాం. 2025 జనవరి 8న 500 నుంచి 225 మీటర్లకు వస్తుండగా, గ్రౌండ్ స్టేషన్‌కు కనబడని సమయం తర్వాత చూస్తే అనుకున్నదానికంటే ఎక్కువ జరుగుదల కనిపించింది. ఇస్రో డాకింగ్, అంటే రెండింటినీ అతికించే పని, వాయిదా వేసింది. 12న 15 మీటర్లకు, ఆపై 3 మీటర్లకు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. 16న పట్టుకుంది. ఆగడం, వెనక్కి రావడం ప్లానులో ముందే ఉండబట్టే అది సాధ్యమైంది. మీ టైమ్‌లైన్‌లో కూడా కనీసం రెండు విఫల ప్రయత్నాలకు ఇంధనం, రోజులు కేటాయించండి.

ఒక పరీక్ష తప్పనిసరి. దారిలో ఏ క్షణంలోనైనా ఇంజిన్లన్నీ ఆగిపోయాయనుకుని సిమ్యులేషన్‌ను 24 గంటలు నడపండి. ట్యాంకర్ క్లయింట్‌ను తగిలితే ఆ దారి పనికిరాదు. కెమెరాలోకి సూర్యుడు నేరుగా పడే కోణాలు కూడా చూసుకోండి. చివరి 15 మీటర్లలో కళ్లు మూసుకుపోతే అంతా పోయినట్టే.

6. పట్టుకుని నింపడం

వరుస తప్పొద్దు. పట్టుకోగానే రెండు వాహనాల మధ్య విద్యుదావేశం సమం కావాలి. క్లయింట్ తన దిశను సర్దుకునే వ్యవస్థను ఆపేయాలి. లేకపోతే ఇద్దరు డ్రైవర్లు ఒకే స్టీరింగ్ లాగినట్టు ఉంటుంది. ట్యాంకర్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త మొత్తం బరువు, కొత్త గురుత్వ కేంద్రం ఇవ్వాలి. తర్వాత కప్లింగులోకి హీలియం పంపి లీకు చూడాలి. అంతా బాగుంటేనే ఇంధనం వాల్వు.

హైడ్రజీన్ సుమారు 2 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది, నీళ్లకు దాదాపు సమానం. నీడలో ఉన్న పైపుకు హీటర్ లేకపోతే అక్కడే బిగుసుకుంటుంది. తొందరపడి వేగంగా పంపినా ప్రమాదమే: ఖాళీ పైపులో వాయువు ఒక్కసారిగా నలిగి వేడెక్కితే హైడ్రజీన్ పేలవచ్చు. నెమ్మదిగా, మధ్యమధ్య ఆపుతూ పంపే షెడ్యూలు రాయండి.

7. నిజంగా నిండిందా?

బరువు లేని చోట ట్యాంకులో మట్టం కనబడదు, బిందెలోకి తొంగి చూసినట్టు చూడలేం. రెండు వైపుల నుంచి లెక్క చూడాలి: ట్యాంకర్ ఫ్లో మీటర్ ఎంత పోయిందంటోంది, క్లయింట్ ట్యాంకు పీడనం ఎంత వచ్చిందంటోంది.

క్లయింట్ ట్యాంకులో ఇంధనాన్ని నెట్టే వాయువు 300 లీటర్లు 6 బార్ దగ్గర ఉందనుకోండి. 150 లీటర్ల హైడ్రజీన్ నింపితే వాయువుకు 150 లీటర్ల చోటే మిగులుతుంది, పీడనం 12 బార్ కావాలి. అయితే వాయువు నలిగితే వేడెక్కుతుంది. 20 నుంచి 30 డిగ్రీలకు పెరిగితే మీటర్ 12.4 చూపిస్తుంది. ఉష్ణోగ్రత మరిచి లెక్క కడితే 155 లీటర్లు పోసినట్టు వస్తుంది. లేని 5 కిలోలు ఉన్నాయనుకుంటారు. కాబట్టి చల్లబడే దాకా ఆగి మళ్లీ చదవండి. పీడనం ఎప్పుడూ అబ్సొల్యూట్‌లో (పూర్తి శూన్యం నుంచి కొలిచేది), ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉండాలి.

8. విడిపోవడం, అనుమతులు

విడిపోయే ముందు వాల్వుల మధ్య మిగిలిన ఇంధనాన్ని బయటికి వదిలేయాలి, అదీ క్లయింట్ సోలార్ పలకల వైపు కాకుండా. ట్యాంకర్ చివరి రోజుకు కూడా ఇంధనం దాచండి: భూస్థిర కక్ష్య నుంచి 300 కి.మీ. పైకి పనైపోయిన ఉపగ్రహాలను వదిలే శ్మశాన కక్ష్యకు పోవడానికి సెకనుకు 11 మీటర్లు చాలు. అనుమతుల గురించి ఒక పేజీ రాయండి: ప్రైవేటు అంతరిక్ష కార్యకలాపాలను చూసే ప్రభుత్వ సంస్థ ఇన్-స్పేస్ అనుమతి, క్లయింట్ యజమాని లిఖిత సమ్మతి, 1972 నష్టపరిహార ఒప్పందం ప్రకారం ఢీకొంటే బాధ్యత ఏ దేశానిది అన్న వివరం.

ఎక్కువగా కనబడే తప్పులు

రెండు టీఎల్‌ఈల తేదీలు వేరుగా ఉండడం. పోయినేడు ఒక జట్టు నోడు తేడా 1 డిగ్రీ లోపే అని సంబరపడింది. ఒక టీఎల్‌ఈ సోమవారానిది, ఇంకోటి బుధవారానిది. రెండు రోజుల్లో నోడు దాదాపు 9 డిగ్రీలు జరుగుతుంది. రెండింటినీ ఒకే క్షణానికి తెచ్చాకే తీసివేత చేయండి.

ట్యాంకర్ తిరుగు ప్రయాణంలో క్లయింట్‌కు ఇచ్చిన ఇంధనాన్ని ఇంకా తన బరువులోనే ఉంచడం. ప్రతి మెట్టు తర్వాత బరువు మార్చండి. చివరి బరువు ఖాళీ బరువు కంటే తక్కువ వస్తే ఎక్కడో రెండుసార్లు తీసేశారు, లేదా ఇంధనమే చాలలేదు.

మార్జిన్ వదలకపోవడం. మెట్టుమెట్టుకూ పది శాతం పెట్టండి, దగ్గరికి పోయే భాగానికి మాత్రం ఇరవై ఐదు.

రిపోర్టు ఇచ్చే ముందు మీ జట్టులో లేని ఒకరి చేత నోడు లెక్కను కాల్కులేటర్ మీద మళ్లీ చేయించండి. 470 కి.మీ., 55 డిగ్రీలకు రోజుకు 4.46 రావాలి. దాదాపు 0.17 వస్తే, కాల్కులేటర్ డిగ్రీల బదులు రేడియన్లలో ఉంది.